నీళ్లకు పిలిచే కేక

2016 వేసవి. పొదిలికీ దొనకొండకూ మధ్య మెట్ట పొలాల్లో గొర్రెల కాపరులుండే ఒక ఊరు. అక్కడ పెళ్లికూతురి మెరవణికి పాటలు వేయడానికి మార్కాపురం నుంచి మా డీజే బండి తీసుకుని వెళ్లాను. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇన్నేళ్లలో మరపురానిది ఏదని ఎవరడిగినా ఆ ఊరి సాయంకాలమే చెబుతాను. అయితే ఆ రోజు నా చేతులు అట్లా ఎందుకు కదిలాయో తెలియాలంటే, ఆ చేతులు ఎక్కడ నేర్చుకున్నాయో ముందుగా చెప్పాలి.

మాది గిద్దలూరు వైపు. ఊళ్లో మమ్మల్ని మేడింటోళ్లు అనేవారు. మేడ పోయింది, ఆ మాట మిగిలింది. ప్రకాశం జిల్లా కొత్తగా ఏర్పడ్డ రోజుల్లో నేను చిన్నవాణ్ణి. మా తాత జిల్లా మారిన సంగతి ఒప్పుకోలేదు. ఎవరికి ఉత్తరం రాసినా చిరునామాలో కర్నూలు జిల్లా అనే రాసేవారు. ఆయనకు ఒక గ్రామఫోన్ ఉండేది. సాయంత్రం హాల్లో కీర్తనల ప్లేటు పెడితే పిల్లలం తాకకూడదు, మాట్లాడకూడదు. ఎవరైనా నడుం వంచితే "పాట ముందర వంగి కూర్చోవద్దురా" అనేవారు. నేను ఇప్పటికీ మిక్సర్ ముందు వెన్ను నిలబెట్టే కూర్చుంటాను.

ప్రహరీ అవతల నుంచి వేరే సంగీతం వచ్చేది. పీర్ల పండుగ డప్పులు, మందల వెంట పోయేవాళ్ల పిల్లనగ్రోవి, నల్లమల ఘాటు ఎక్కుతూ రొప్పే గూడ్సు బండి. తాత వాటిని సంగీతమని ఒప్పుకోలేదు. నా చెవి మాత్రం లోపలిదీ బయటిదీ రెండూ దాచుకుంది.

తరువాత పొలాలు పోయాయి. ఎట్లా పోయాయో ఇక్కడ అప్రస్తుతం. చివరికి ఒకరోజు గ్రామఫోన్ కొన్నవాళ్లు వచ్చారు. అప్పుడు ప్లేటు తిరుగుతోంది. వాళ్లలో ఒకడు చెయ్యి చాచి ముల్లు ఎత్తేశాడు. మా ఇంట్లో ఆ పాట దిగలేదు, తెగింది. ఆ తరువాత హాల్లో నిలిచిన నిశ్శబ్దం ఇన్నేళ్లయినా నాకు వినిపిస్తూనే ఉంది.

పని నేర్పినవాడు కాశిం సాయిబు. మార్కాపురంలో ఆయనకు మైకుసెట్ల దుకాణం ఉండేది. పెళ్లిపందిట్లో రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒక పాట ముగిసేలోపే రెండోది ఎత్తుకునేవాడు. ఎడమ చేత్తో ఒకటి దించుతూ, కుడి చేత్తో ఇంకొకటి ఎక్కించేవాడు. "దిగేది తెలియగూడదు నాయనా, ఎక్కేది తెలియగూడదు. తెలిసిందా, నువ్వు పనోడివి కాదు" అనేవాడు. మేడింటి పిల్లవాడు మైకుసెట్టు మోయడమేమిటని మా చిన్నాన్న నాతో చాలా ఏళ్లు మాట్లాడలేదు. నేను మాత్రం ఆ దుకాణంలో మా హాలుకు మళ్లీ వచ్చినట్టే కూర్చున్నాను.

కాశిం సాయిబు రెండు చేతులతో చేసినదానికే తరువాత క్రాస్‌ఫేడ్ అనే పేరు విన్నాను. మిక్సర్ మీద ప్రతి శబ్దానికీ ఒక మీట ఉంటుంది, దాన్ని ఫేడర్ అంటాం. ఒక ఫేడర్ దిగుతుండగా ఇంకొకటి ఎక్కాలి. మా వృత్తి అంతా ఆ రెండు వేళ్ల నడకే.

నాకంటూ ఒక పద్ధతి ఉంది. మెరవణికి ముందు రోజే ఆ ఇంటికి వెళ్లి, వాళ్ల చెవికి అలవాటైన శబ్దం ఏదని అడుగుతాను. దాన్ని రికార్డు చేసి, చిన్న ముక్కగా కత్తిరించి, పాటల మధ్య తాళంలో కలుపుతాను. ఆ ముక్కను శాంపిల్ అంటాం. మార్కాపురంలో పలకల కార్ఖానా వాళ్ల పెళ్లికి పలక కోసే చప్పుడు మీద పాట నడిపించాను. పెళ్లికొడుకు తండ్రి బండి దగ్గరికి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

ఈ ఊళ్లోనూ అట్లాగే అడిగాను. పెళ్లికూతురి తల్లి నాగమ్మ నవ్వింది. "మా ఇంట్లో శబ్దాలేముంటాయన్నా? గొర్రెల అరుపులే."

పెళ్లికూతురు మల్లేశ్వరి లోపలి నుంచి ఫోను పట్టుకుని వచ్చింది. "మామా, మా నాయన గొంతుంది ఇందులో. పెడతావా? నాయన నా ముందర నడిచినట్టుంటది."

ఆమె తండ్రి గురవయ్య ముందటి వానాకాలంలో పిడుగుపాటుకు చనిపోయాడు. ఒక మధ్యాహ్నం ఆయన మందను నీళ్లకు పిలుస్తుంటే కూతురు సరదాగా రికార్డు చేసుకుంది. ఆ కేక విన్నాను. గొంతు అడుగు నుంచి లేచి, నాలుక మీద గలగలా దొర్లి, చివర సన్నగా సాగి ఆగింది. తాత ప్లేట్లలో అంతటి గమకం వినలేదు నేను. రెండోసారి పెట్టమని అడిగాను. మూడోసారి అడగడానికి నోరు రాలేదు, ఎందుకంటే నాగమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

అరుగు మీద కూర్చున్న గురవయ్య తమ్ముడు కొండయ్య నిట్టూర్చాడు. "మా అన్నతోనే మంద పోయింది సామీ. ఇప్పుడు ఎవురి మాటా ఇనవు. నేను తోలుకపోతే సగం మిరపచేలో, సగం రోడ్డు మీద. ఊరంతా కొట్లాట్లు. దొడ్లో పెట్టి మేపుతాండాం. పెళ్లి కాంగానే బేరగాడు వస్తాడు."

"అమ్మితే నేనేం జేయాల?" అంది నాగమ్మ. "ఇంగొకరి చేలో కూలికి పోవాల్నా? ఆ మంద ఆయన చేతి మీద పెరిగింది."

"అట్లయితే నువ్వు తోలుతావా ఏంది వదినా? ఆడది కేకేస్తే మంద చెదురుతాదని పెద్దోళ్లు ఊరికే అన్నారా?"

నాగమ్మ ఫోను చీరకొంగుతో తుడిచి కూతురి చేతికిచ్చింది.

మరునాడు పొద్దు వాలుతుండగా మెరవణి కదిలింది. బండి మీద నేను, స్టీరింగు దగ్గర మా డ్రైవరు మస్తాను, వెనక పెళ్లికూతురు, చుట్టాలు, ఎగిరే కుర్రకారు. వీధి వెడల్పయ్యే చోట తాళం కొంచెం తగ్గించి గురవయ్య కేకను ఎక్కించాను. ఒకసారి వచ్చి మళ్లీ మొదలయ్యేటట్టు లూప్ కట్టాను. ఎగిరేవాళ్లు ఆగిపోయారు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మల్లేశ్వరి కళ్లు మూసుకుని నిలబడింది.

ఆ కేక మనుషుల కోసం పుట్టింది కాదని మాలో ఒక్కరికీ తట్టలేదు. అడిగిన కూతురికి తట్టలేదు, మందతో పుట్టి పెరిగిన కొండయ్యకు తట్టలేదు, శబ్దమే బతుకుదెరువైన నాకూ తట్టలేదు. అందరం దాన్ని పాటే అనుకున్నాం.

ఊరి చివర కంపదొడ్డి విరిగిన చప్పుడు ముందు వినిపించింది. ఆ వెనకే దుమ్ము లేచింది.

"అన్నా, గొర్రెలన్నా! బండి కిందికొస్తాండాయి!" అని మస్తాను అరిచాడు.

మంద మొత్తం వీధి నిండి వచ్చింది. జనం అరుగుల మీదికి ఎక్కారు. గొర్రెలు ఎవరినీ పొడవలేదు, ఎవరి పూలదండా లాగలేదు. నేరుగా వచ్చి నా స్పీకరు బాక్సుల చుట్టూ నిలబడ్డాయి. తలలు ఎత్తి, చెవులు ముందుకు పెట్టి, ఆ చెక్కపెట్టెల వైపు చూశాయి. ముందుండే పొట్టేలు బండి అంచు మీద ముందరి కాళ్లు మోపి, బాక్సు జాలీకి మూతి ఆనించి వాసన చూసింది. ఒక్కటీ అరవలేదు. వేలమంది నా పాటకు ఎగరడం చూశాను. అట్లా నిలబడి విన్నవాళ్లను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. ఆ క్షణంలో బాక్సుల వెనక కూర్చోవడానికి నేను తగనివాణ్ణని అనిపించింది.

"ఆపు సామీ, ఆపు!" కొండయ్య గొంతు చించుకుంటున్నాడు.

నా వేలు మీట మీదికి పోయి అక్కడే ఆగింది. గ్రామఫోను ముల్లు గుర్తుకొచ్చింది. ఇక్కడ తెగ్గొడితే మంద బెదిరి జనంలోకీ బస్సులు తిరిగే రోడ్డు మీదికీ పోతుంది. ఇక ఎవరి మాటా ఎన్నటికీ వినదు. మరునాడే బేరగాడి లారీ ఎక్కుతుంది. ఆపకపోతే వెనకవి ముందువాటిని తొక్కుతాయి. తెగకూడదు, ఆగకూడదు. కాశిం సాయిబు నాకు నేర్పింది ఆ ఒక్క విద్యే.

నాగమ్మ బండి పక్కనే ఉంది. వైరు లేని చేతి మైకు ఆమెకు అందించాను.

"ఆ కేక నీకొచ్చా, అమ్మా?"

"ఇనీ ఇనీ వచ్చన్నా. ఎప్పుడూ ఎయ్యలేదు."

"ఇప్పుడు వెయ్యి. ఆయన గొంతు మీద వెయ్యి."

"వదినా, పరువు తియ్యాకు! మొగపెళ్లోళ్లు చూస్తాండారు!" అన్నాడు కొండయ్య.

"చూడనీ. కండ్లుండేది అందుకే గదా," అని ఆమె మైకు తీసుకుంది.

మొదటి కేక సగంలో పగిలింది. వెనక వరసలో గొర్రెలు రెండడుగులు జరిగాయి. నేను డప్పు తాళం పూర్తిగా దించేసి, గురవయ్య గొంతు ఒక్కటే ఉంచాను. రెండో కేక ఆయన కేకతో సమంగా లేచింది. మూడోది ఆయన ఆగిన చోటే ఆగింది. బతికున్నామె గొంతు, లేనివాడి గొంతు ఒక్క బాక్సులో నుంచి కలిసి వస్తున్నాయి. ఏది ఎవరిదో కాసేపు నాకే తెలియలేదు.

అప్పుడు ఎడమ వేలితో ఆయన్ను దించడం మొదలుపెట్టాను. వెంట్రుకవాసి దించడం, గొర్రెల చెవులు చూడడం. కుడి వేలితో ఆమెను ఎక్కించడం, మళ్లీ చూడడం. ఒకచోట పొట్టేలు తల తిప్పింది. నా వేలు బిగుసుకుపోయింది. అది నాగమ్మ వైపు చూసి, బండి అంచు మీది నుంచి కాళ్లు దించి ఆమె ముందుకు వచ్చి నిలబడింది. గురవయ్య గొంతు అప్పటికే బాక్సులో లేదు. అది ఎప్పుడు పోయిందో మందకు తెలియలేదు.

"ఇంక నడువమ్మా. తొట్టి దిక్కుకు."

పట్టుచీరలో, చేతిలో మైకుతో ఆమె బోరు కింద నీళ్లతొట్టి వైపు నడిచింది. మంద వెనకే కదిలింది. ఆమె దూరమయ్యేకొద్దీ బాక్సుల శబ్దం కూడా తగ్గించుకుంటూ వచ్చాను. వీధి మలుపు తిరిగేసరికి మిక్సర్ మీద అన్ని మీటలూ అడుగున ఉన్నాయి. వినిపిస్తున్నది ఉత్త గొంతు. పెళ్లికూతురు, పెళ్లివాళ్లు, మా బండి, అందరం ఆ మంద వెనక నడిచాం. మొగపెళ్లివాళ్లలో ఒక ముసలామె "ఇంత మెరవణి నేను పుట్టి చూళ్లేదమ్మా" అంది. అంతకుముందు పరువు పోతుందన్న కొండయ్యే కర్ర పట్టుకుని ముందుకు పరుగెత్తాడు. "ఒరేయ్, దారియ్యండ్రా! మా వదిన వస్తాంది!"

మరునాడు బేరగాడు వచ్చి, మజ్జిగ తాగి, ఉత్తచేతులతో పోయాడు. నేను సామాను కట్టుకుంటుంటే నాగమ్మ వచ్చింది.

"ఆ గొంతు ఇంకెక్కడా పెట్టొద్దన్నా. ఇంటే మళ్లా ఆయన కోసం ఎతుకుతాయి."

పెట్టనని మాట ఇచ్చాను. నా దగ్గరున్న శబ్దాలన్నిటిలోనూ గొప్పది అదే. ఇంతవరకూ ఏ పెళ్లిలోనూ వేయలేదు. మేడ పోయినా, మాట తప్పే అలవాటు మా ఇంటికి లేదు.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్లు ఏ బాక్సులు కొనాలని అడుగుతారు. జనాన్ని ఎగిరించడానికి ఏవైనా చాలునని చెబుతాను. ఒక గొంతు నమ్మకాన్ని ఇంకో గొంతుకు అప్పజెప్పి, మధ్యలో నుంచి తాను తప్పుకోవడమే ఈ పనికి శిఖరమని నాకు నేర్పింది మాత్రం ఆ ఊరు. మా ఇంటి హాల్లో ఆ రోజు అట్లా అప్పజెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

కొన్నేళ్ల తరువాత దొనకొండ రోడ్డులో మా బండికి ఒక మంద అడ్డం వచ్చింది. మస్తాను హారను మీద చెయ్యి పెట్టబోతే వారించి, ఇంజను కూడా ఆపమన్నాను. దూరంగా గట్టు మీద నుంచి ఒక ఆడమనిషి కేక లేచి, నాలుక మీద దొర్లి, సన్నగా సాగింది. గొర్రెలు మా బండికి అటూ ఇటూ చీలి నీళ్ల వైపు నడిచాయి. ఒక్కటి కూడా నా బాక్సుల వైపు తల తిప్పలేదు.