ల్యాబ్ సారు అనుమానం

తిరుపతిలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ సారుకు అందరి మీదా అనుమానమే. పెన్‌డ్రైవ్ ఎవరు తెచ్చినా వాసన చూస్తున్నట్టు ముక్కు దాకా తీసుకెళ్లి, "యాడిదప్పా ఇది?" అనేవారు.

ప్రాజెక్టు అప్పగించాల్సిన రోజున లినక్స్ మెషీన్ నా పెన్‌డ్రైవ్‌ను గుర్తించలేదు. సారు కమాండ్ కొట్టి చూశారు. మెషీన్‌కు తగిలించినవాటి జాబితా వచ్చింది గానీ, అందులో అది లేనే లేదు.

"ఏం ఎక్కించుకోని వచ్చినావు దీంట్లో? నిజం చెప్పు."

పక్క మెషీన్‌కు పెడితే వెంటనే కనబడింది. "అది ఎవుర్నైనా నమ్మేస్తాదిలే," అన్నారు సారు.

చివరికి మొదటి మెషీన్ ఆపేసి, పెన్‌డ్రైవ్ పెట్టే దాని పోర్టును గుండుసూదితో గీకారు. అరచేతిలోకి ఎండిన కుంకుమ రాలింది. ఆయుధపూజనాడు మెషీన్లన్నిటికీ బొట్లు పెట్టింది ఆయనే.

అరచేతిని చాలాసేపు చూసుకుని, తలెత్తి నన్నడిగారు: "పూజనాడు నువ్వు యాడుంటివప్పా?"