సోపతి అని రాయి

మంగళవారం పొద్దున్నే నాచారం నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అవ్వ పోయింది. పన్నెండింటికి శవాన్ని లేపుతరు, జల్ది రా," అంది ఆవిడ కోడలు. నేను ఘట్‌కేసర్‌లో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. సెలవు చీటీ రాస్తూ, చనిపోయినవారితో బంధుత్వం అన్నచోట కలం ఆపేశాను. అవ్వ నాకు చుట్టం కాదు. ఒకప్పుడు మా పక్కింటావిడ, అంతే.

గోదావరి వైపు నుంచి పెళ్లయి నాచారం వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నా భర్త అక్కడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అవ్వ వాళ్లది పాత ఊరి కుటుంబం. పొలాలు ప్లాట్లయిపోయాక మూడు గేదెలు మిగిలాయి, వాటి పాలు అమ్మేది. మొదటి వారంలోనే గోడ మీదుగా అడిగింది. "ఈడ సోపతి ఉన్నదా బిడ్డా నీకు?"

నేను 'సంపత్తి' అనుకున్నాను. "మా నాన్నగారికి రెండెకరాలుందండీ," అన్నాను.

పాల చెంబు కింద పెట్టి మరీ నవ్వింది. "సోపతంటె జాగ గాదే పిల్లా. పక్కకు మనిషి. దవాఖానకు పోతె సోపతి, బజారుకు పోతె సోపతి. పిలిస్తె వస్తది, పిలువకున్నా వస్తది."

స్నేహం అని అర్థం చెప్పుకోవచ్చు. మా వైపు కలుపుగోలుతనం అనే మాట ఉంది. నవ్వుతూ పలకరించేవాళ్లని అలా అంటాం. అవ్వ కలుపుగోలు మనిషి కాదు. యోగక్షేమాలు అడిగినా కసిరినట్టే ఉండేది. అందుకే ఆ మాట ఆవిడ నోట విన్నా చాలాకాలం నాకు దాని బరువు తెలియలేదు.

నా భర్త నన్ను కొట్టేవాడు. కూరలో ఉప్పుకి కొట్టేవాడు, తలుపు ఆలస్యంగా తీశానని కొట్టేవాడు, ఒక్కోసారి కారణమే ఉండేది కాదు. బెల్టుతో, బకిల్ తగిలేలా. పక్కింటికి వినపడకూడదని నేను చీర కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అయినా అవ్వకి వినపడేది. అటువైపు నుంచి రోకలితో గోడని బాదేది. అతను కాసేపు ఆగేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా కుడిచెయ్యి వెనక్కి విరిచి నన్ను ద్వారబంధానికేసి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఈసారి గోడ మోగలేదు. అవ్వే లోపలికి వచ్చింది, చేతిలో గేదెల్ని తోలే కర్ర. అతని భుజం మీద కొట్టింది, తర్వాత మణికట్టు మీద. అతను ఆవిడ పొట్టలో తన్నాడు. గడప మీద బోర్లా పడింది. పెదవి చీలిపోయింది, ఒక పన్ను ఊడి నా కాళ్ల దగ్గరికి దొర్లింది. ఇక లేవదనుకున్నాను. లేచింది. నెత్తురు ఉమ్మి, కర్ర విరిగేదాకా అతని మోకాళ్ల మీద కొట్టింది.

"లే! ఆడదాన్ని కొట్టుడు వస్తది గదా నీకు. కొట్టు, సూస్త!"

అతను నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు అతని మీదే జాలి కలిగింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా విరిగిందని అడిగితే, బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పాను. అవ్వ పక్కనే నిలబడి ఉంది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి తన పెదవి చూపించింది.

"నువ్వు జారిపడితివి. మరి నేను? గిది గూడ జారిపడ్డదేనా?"

అప్పుడు నిజం చెప్పాను.

పోలీస్ స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ రాజీపడమన్నాడు. మేం కదలకపోయేసరికి కాగితం తీసి, అవ్వని అడిగాడు. "నీ యాస వేరు, ఆమె యాస వేరు. ఆమె నీకేమైతది?"

"సోపతి."

"సుట్టమా అంటున్న."

"సుట్టాలకు ఫోన్ జేపిస్తె ఆళ్లేమన్నరో అడుగు దీన్ని. సర్దుకొమ్మన్నరు. నేను సోపతి. గట్లనే రాయి."

ఆయన నవ్వుకుని 'పొరుగింటి స్త్రీ' అని రాశాడు. అవ్వకి చదవడం రాదు. బయటికొచ్చాక ఏం రాశాడని అడిగింది. సోపతి అనే రాశాడని చెప్పాను. ఆవిడతో నేనాడిన ఒకే ఒక్క అబద్ధం అది.

నాలుగు నెలలు ఆవిడ ఇంట్లోనే ఉన్నాను. ఎడమచేత్తో అన్నం తినలేకపోతే కలిపి పెట్టేది, మెతుకులు పడేస్తే తిట్టేది. నాకోసం దెబ్బలెందుకు తిన్నావని ఒకరోజు అడిగాను. గేదెకి నీళ్లు పెడుతూ చెప్పింది.

"మా ఆయన నన్ను గొడ్డలి కామతోని కొట్టేటోడు. మా అత్త గడపల కూసోని బియ్యమేరుకుంటుండె. ఒక్కపారి గూడ తల ఎత్తలే. రాళ్లు దొరుకుతుండెనో లేదో గాని, ఏరుకుంటనే ఉండె."

అంతే. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాత విడాకులొచ్చాయి, ఉద్యోగమొచ్చింది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, ఉప్పల్‌లో నేనున్న బస్సు మీద రాళ్లు పడ్డాయి. గాజుపెంకులు జుట్టులో ఉండగానే అవ్వ దగ్గరికి వెళ్లి, "నన్నూ వెళ్లిపొమ్మంటావా అవ్వా?" అన్నాను. పెంకులు ఒక్కొక్కటే ఏరుతూ గట్టిగా మొట్టికాయ వేసింది.

"రాష్ట్రం రావాలె. నువ్వుండాలె. రెంటినీ ఎందుకు కలుపుతవే?"

ఇంకొద్ది రోజుల్లో ఆ రాష్ట్రం వస్తోంది. ఆవిడ ఆగలేదు.

మంగళవారం సెలవు చీటీలో 'సోపతి' అనే రాసిచ్చి నేను వెళ్లేసరికి ఆడవాళ్లు ఆవిడకి స్నానం చేయిస్తున్నారు. పోయేముందు ఆసుపత్రిలో, సూది వేయబోయిన నర్సు చెయ్యి అవ్వ కొరికిందట, కోడలు ఏడుస్తూనే నవ్వుతూ చెప్పింది. అన్నీ అయ్యాయి గానీ, కుడిచేతి పిడికిలి విప్పలేకపోయారు. గోరువెచ్చని నీళ్లు పోశారు. వేళ్లు నిమిరారు. నేనూ ప్రయత్నించాను. రాలేదు.

"ఇడువదు తియ్. గట్లనే ఉండనియ్యి," అంది ఒక ముసలామె.

ఆ పిడికిలికే పసుపు రాశాం. మెయిన్‌రోడ్డు మీద డప్పులు మోగుతుంటే లారీలు, బస్సులు ఆగాయి. పాడె ఊగినప్పుడల్లా కొత్తబట్ట కొంచెం కొంచెం జరిగి, ఆ పచ్చటి పిడికిలి బయటికొచ్చింది. ఎవరూ దాన్ని లోపలికి సర్దలేదు.