యాదగిరి గారు చూసిన ఆకాశం

మొన్న మణికొండలో ఈసీజీ తీయించుకుంటుంటే, గళ్ల కాగితం గరగరమని బయటికొస్తున్న చప్పుడుకి ఒక్కసారిగా కళ్లు మూసుకున్నాను. డెబ్బైల మొదట్లో, ఊరికి దూరంగా ఉన్న మా వేధశాలలో నక్షత్రాల వెలుగు కూడా అలాంటి కాగితం మీదే సిరాగీతగా వచ్చేది. ఆ గీతలు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది యాదగిరి గారు. కోకాపేట మనిషి, అప్పటికి అక్కడున్నవి చేలూ రాళ్లగుట్టలే. మా దగ్గర అసిస్టెంటుగా పనిచేసేవారు. ఉర్దూ మీడియం చదువు. అరగంటకోసారి గుమ్మటం బయటికెళ్లి, నాలుగు దిక్కులూ తీరిగ్గా చూసొచ్చి, మబ్బు లేకపోతే రిజిస్టరులో ఉర్దూలో 'సాఫ్' అని రాసేవారు.

నేను కాకినాడ నుంచి పరిశోధనకి వచ్చినవాణ్ణి. నా నక్షత్రం నిజానికి ఒక జంట. ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలే నా థీసిస్. అయితే ఏ అడ్డూ లేని వేళల్లో కూడా మూడు రాత్రులు గీత సన్నగా వణికింది. ఎందుకో నాకు తెలియదు. గడువేమో నెత్తిమీదికొచ్చింది. రిజిస్టరును ఇంగ్లీషులోకి ఎత్తి రాసేటప్పుడు ఆ గంటలకెదురుగా 'పల్చటి మబ్బు' అని రాసేసి, ఆ గీతను కొలిచి గ్రాఫులో పెట్టిన చుక్కలన్నీ తీసేశాను.

మర్నాడు ఆ గ్రాఫు చూసి యాదగిరి గారు అడిగారు.

"గీడ చుక్కలేవి సారు?"

"అప్పుడు మబ్బు పట్టిందండీ."

"మబ్బు యాడిది? నేనే చూసిన గద. సాఫ్ ఉండె."

రెండు పుస్తకాలూ కలవడం లేదని ఆయనే డైరెక్టరుకి చెప్పారు. డైరెక్టరు నన్ను పిలిచి అడిగితే తలవంచుకుని మబ్బేనన్నాను. నిర్లక్ష్యంగా రాశారని యాదగిరి గారికి మెమో ఇచ్చారు. రిజిస్టరు దిద్దమంటే ఆయన దిద్దలేదు. ఆ ఏడు రావలసిన ప్రమోషను పోయింది. నాకు డాక్టరేటు వచ్చింది.

కొన్నేళ్లకు వేరే దేశం పత్రికలో ఒక వ్యాసం చదివాను. అలాంటి జంటల్లో ఒక నక్షత్రం పదార్థం రెండోదాని మీదికి పారుతుందట. అలా పుచ్చుకున్న నక్షత్రం కొన్నిటిలో గంటకో రెండు గంటలకో ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుందట. నేను తీసేసిన వణుకు అదే. ఆదివారం బస్సెక్కి ఆయన ఇంటికెళ్లి అంతా చెప్పాను. ఆయన కోపగించుకోలేదు, ఓదార్చనూ లేదు.

"నాకెందుకు చెప్తున్నవు సారు? నాకు ఎర్కనే గద. ఏడ తప్పు రాసినవో ఆడ రాయి."

రాశాను, నా థీసిస్ ఫలితాలు అచ్చయిన పత్రికకూ, వేధశాల ఆఫీసుకూ. పత్రిక అచ్చువేసింది. ఆఫీసు నుంచి జవాబు రాలేదు. యాదగిరి గారు అసిస్టెంటుగానే రిటైరయ్యారు.

ఆ తర్వాత చాలాకాలం పాఠాలు చెప్పాను. అర్థంకాని చుక్కనైనా గ్రాఫులోంచి తీయొద్దని ప్రతి విద్యార్థికీ నేర్పాను. మంచి మాస్టారని పేరొచ్చింది. ఎవరైనా ఆ మాటంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేను పిల్లలకి నేర్పిందే ఆయన ఆనాడు అన్నందుకు మెమో వచ్చింది, ఇప్పించినవాణ్ణి నేను.