సెక్రటరీగారి టిక్కులు

సత్యానందం మాస్టారు గణపవరంలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన చెయ్యి మాత్రం రిటైరవలేదు. పెళ్లి శుభలేఖ ఇచ్చినా తప్పుల్లేవని చూసి, మూల ఒక టిక్ పెట్టేవారు. మా చర్చి సంఘానికి పద్దెనిమిదేళ్లుగా సెక్రటరీ ఆయనే. ఆ కుర్చీ వదలడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని.

2009 ఎన్నికల్లో అవతలి వర్గం, అంటే మేం, ఆఖరి నిమిషంలో పేర్లు చేరుస్తామని ఆయనకు భయం పట్టుకుంది. "వెబ్‌సైటులో ఉన్నవాళ్లే ఓటర్లండీ. పెన్నుతో కలిపేది లేదు" అని పట్టుబట్టి తీర్మానం చేయించారు.

ఆ సైటు తయారుచేయడానికి ఏలూరు నుంచి నిరంజన్ వచ్చాడు. సైట్లు కట్టే కొత్త ఫ్రేమ్‌వర్కు నేర్చుకుని, కాళ్లు నేల మీద ఆనని రోజులవి. కుటుంబానికి ఒక ఫారం, దాని కింద సభ్యుడికొక వరుస, వరుస చివర చిన్న గడి. గడి పైన 'డిలీట్' అన్న మాట ఫ్రేమ్‌వర్కే ఇస్తుంది. దానివల్ల పేజీ అందం చెడిందని నిరంజన్ ఆ మాట తీసేశాడు. గడిని ఉంచాడు.

మాస్టారు మూడు రోజులు కూర్చుని పేర్లు సరిచూశారు. తనవాళ్లు కనిపిస్తే గడిలో టిక్ పెట్టి సేవ్ నొక్కేవారు. వెంటనే తర్వాతి కుటుంబం వచ్చేది. తన పేరుకూ, భార్య ప్రసన్నకుమారిగారి పేరుకూ మురిసిపోతూ పెట్టుకున్నారు. మా ఇంటి పేర్లు వచ్చేసరికి మొహం చిట్లించి దాటేశారట. పాడు మనసు!

ఆదివారం ఆరాధన కాగానే, నిరంజన్ అచ్చు తీసిచ్చిన జాబితాను పాస్టరుగారు చదివారు. అరవై రెండు పేర్లు. అన్నీ మావాళ్లవే.

"నా పేరేదండీ?" అన్నారు మాస్టారు.

"లేదండి మాస్టారూ. అమ్మగారిదీ లేదండి. మీ వైపువాళ్లెవరివీ లేవండి" అన్నారు పాస్టరుగారు.

పెన్నుతో రాయమనబోయి ఆగిపోయారు. తీర్మానం కింద సంతకం ఆయనదే మరి. "ఏంటి బాబూ ఇది?" అన్నారు నిరంజన్‌తో.

"గడిలో టిక్ పెడితే పేరు పోద్దండి. తమరే పెట్టారు గదండీ" అన్నాడు వాడు. మాట తీసేసింది తానేనని మాత్రం నోరు విప్పలేదు.

మేం చేతులెత్తి మా వర్గం ఎలీయాజరును సెక్రటరీని చేసుకున్నాం. నాకు నవ్వాగలేదు, దాచుకోను. మాస్టారు చివరి బెంచీలో కూలబడ్డారు. పక్కనే ప్రసన్నకుమారిగారు మెల్లగా, అందరికీ వినబడేలా అన్నారు:

"మనవాళ్లు, వాళ్లవాళ్లు అని చూడకుండా అందరికీ పెట్టుంటే, ఎన్నికే ఆగిపోయేది గదండీ."