నాన్నగారు ఉరేసిన పడవ

ఊళ్లో ఎవరికీ సెల్‌ఫోన్లు లేని నా చిన్నప్పుడు, మా నాన్నగారిని రాజమండ్రి నుంచి సముద్రానికి దగ్గరున్న ఒక పల్లె చర్చికి సంఘ కాపరిగా, అంటే పాస్టరుగా పంపారు. రాజమండ్రి రేవులో పడవను ఎంత బిగించి కడితే అంత నిశ్చింత. ఇక్కడి గోదావరి పాయ సముద్రం పోటుకు పొంగి, కొన్ని గంటల్లోనే దిగిపోతుందని విన్నామే గాని, ఆ సంగతి మాకింకా ఒంటబట్టలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఏటికి అవతల, నీళ్ల మధ్యనున్న లంకలో మంచం పట్టిన ఒక మామ్మగారికి నాన్నగారు ప్రార్థన చేసి ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వాలి. అది పుచ్చుకునేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టనని ఆవిడ పట్టు. పొద్దున్నే నీళ్లు నిండుగా ఉన్నప్పుడు నాన్నగారు సంఘం పడవను రేవులోని గుంజకు పొట్టి తాడుతో బిగించి కట్టి చర్చికి వచ్చారు.

మధ్యాహ్నం నాన్నగారినీ, ఆయన వెంట బయల్దేరిన నన్నూ సాగనంపడానికి సంఘమంతా రేవుకొచ్చింది. నీళ్లు దిగిపోయాయి. పడవ ముక్కు తాడుకు వేలాడుతోంది. వెనక భాగం బురదలో కూరుకుని నీళ్లతో నిండిపోయింది.

"అయ్యగారూ, పాపం దాన్ని ఉరేసేశారేంటండీ!" అన్నాడు సంఘ పెద్ద ఒకాయన. రేవంతా నవ్వులు. నాన్నగారూ నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"మా నాన్నగారికి ఇలాంటివేం తెలీవండీ" అని అందరికీ వినిపించేలా అనేసి, నవ్వుతున్నవాళ్ల వైపు వెళ్లి నిలబడ్డాను. నాన్నగారు ఒక్కసారి నా వైపు చూశారు. బురదలోకి దిగి, పడవలో నీళ్లు తోడడం మొదలుపెట్టారు.

మళ్లీ పోటు వచ్చి పడవ తేలేసరికి పొద్దు వాలింది. లంకకు కబురు పంపే దారి లేదు. ఏట్లో నీళ్లు దిగిపోయి రాలేకపోయామని చెబితే సరిపోతుంది, ఆవిడ నమ్ముతారు అనుకున్నాను. లంకకు చేరగానే నాన్నగారు ఆవిడ మంచం పక్కన చాప మీద మోకరించి, "ఏటి తప్పేం లేదమ్మా. పడవ కట్టడం చేతగాక, పొద్దుట్నుంచీ మిమ్మల్ని పస్తు పెట్టాను. క్షమించండి" అన్నారు.

ఆవిడ ఎండిన పెదాలతోనే నవ్వారు. "పోన్లెండయ్యగారూ, కొత్తలో అందరూ అలాగే కడతారండి. ఒరేయ్, ముందు ఆ పిల్లకేదైనా పెట్టండ్రా, మొహం పీక్కుపోయింది."

వాళ్లు పెట్టిన అన్నం సగం కంచంలోనే వదిలేశాను. రేవులో నేనన్న మాట నాన్నగారు ఆ రోజే కాదు, ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆదివారం బడిలో పిల్లలకు క్షమాపణ గురించిన వాక్యాలు కంఠతా చెప్పిస్తుంటాను. ప్రార్థనకు తల వంచినప్పుడల్లా ఆ చాప మీద నాన్నగారి మోకాళ్లు వదిలిన రెండు బురద మరకలు కనిపిస్తాయి. వాటి పక్కన నా మోకాళ్లవి కూడా ఉండాల్సింది.