ప్రసాదం తిండి కాదనుకున్నాను

“ఆ డబ్బా ఎక్కడ దాచావే?”

“చెబితే దాచినట్టెట్టా అవుద్దయ్యా? పడుకో.”

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. బెల్లం జిలేబీల డబ్బా గురించి. ఆయన నవ్వుకుంటూ అటు తిరిగి పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. పెద్దకర్మ అయ్యాక బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి చూస్తే డబ్బా ఉంది, లోపల ఒక్క ముక్క లేదు. ఎప్పుడో కనిపెట్టి తినేసి, నన్ను ఆటపట్టించడానికి అడిగాడన్నమాట. అప్పటిదాకా ఏడుస్తున్నదాన్ని పకపకా నవ్వాను. చుట్టాలు నాకు మతి పోయిందనుకున్నారు.

అది మూడేళ్ళ నాటి మాట. నాకు సంతకమూ అంకెలూ తప్ప రావు కాబట్టి, నేను చెబుతుంటే నా కూతురి కూతురు రాస్తోంది. బాపట్లలో చదువుకుంటోంది. తిండి గురించే ఆ చదువంతా. తినడానికి కూడా చదువేంటే అని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు చెయ్యను.

మాది తెనాలి. రాత్రి భోజనం అయ్యాక ఒక జిలేబీ విరిచి చెరి సగం తినడం మా ఇద్దరికీ పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. మజ్జిగన్నం తిన్న నోటికి తీపి తగలకపోతే విస్తరి ముందునుంచి సగంలో లేచినట్టు ఉంటుంది. ఆయన పోయాక ఆయన సగం కూడా నేనే తిన్నాను. తరవాత రెండు, ఆ తరవాత మూడు. ఎవరు చూస్తారు? మోకాళ్ళు చూశాయి.

రేపల్లెలో మా చెల్లెలుంది. నెలకోసారి పాసింజరెక్కి వెళ్ళేదాన్ని. కిందటేడు ఒకరోజు ములక్కాడల కట్ట చంకలో పెట్టుకుని స్టేషనుకు పోయాను. బండి వచ్చింది. కమ్మీ పట్టుకుని కాలు ఎత్తబోతే మోకాలు మెట్టుదాకా లేవలేదు. వెనక ఆడవాళ్ళు “ఎక్కండి పిన్నిగారూ, ఎక్కండి” అని తోస్తున్నారు. పక్కకి తప్పుకున్నాను. నా కళ్ళముందే అందరూ ఎక్కారు, బండి పోయింది. ఆ ములక్కాడలు వెనక్కి మోసుకొచ్చి పులుసు పెట్టి పక్కింటావిడకి ఇచ్చేశాను.

డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్ములు చూసి మోకాళ్ళు అరిగిపోయాయన్నారు, మార్చాలన్నారు. తూకం మిషనెక్కమన్నారు. ఎనభై రెండు. ఈ బరువు మీద ఆపరేషను చెయ్యనన్నారు. నాలుగు నెలల్లో డెబ్బై అయిదుకి దిగి వస్తే చేస్తారట, లేకపోతే కర్రే గతట. చేతికర్ర పట్టుకుని బతకొచ్చు, కాదనను. కానీ కర్రతో పాసింజరు ఎక్కలేను. ఇంకొకళ్ళు వచ్చి తీసుకెళితే తప్ప నా చెల్లెలి గడప తొక్కలేను. అదీ నా బాధ.

మనవరాలు రంగంలోకి దిగింది. రోజూ భోజనమయ్యాక ఫోను చేసి ఏమేం తిన్నానో అడుగుతుంది, దాని ఫోనులో కేలరీలు లెక్కేసుకుంటుంది. అన్నం ఒక గిన్నెడే. ఆకుకూర పప్పు కావలసినంత. తీపి మానమని అది అనలేదు, చిన్నదిగా తినమంది. సగం జామకాయ, లేకపోతే ఒక్క ఖర్జూరం. నేను మాట తప్పే మనిషిని కాదు. తిన్నదల్లా మెతుకు దాచకుండా చెప్పాను. పచ్చడిలో నూనె ఎక్కువైతే అదీ చెప్పాను.

ప్రతి శనివారం మందుల కొట్టు ముందున్న మిషనెక్కేదాన్ని. చెప్పులు విడిచి, కళ్ళజోడు తీసి, బొడ్లో తాళాలగుత్తి కూడా బల్లమీద పెట్టి ఎక్కేదాన్ని. ఎనభై ఒకటిన్నర. మళ్ళీ శనివారం అంతే. ఆ పై వారం ఎనభై రెండు. రెండు నెలలు ఇదే వరస. మిషను చెడిపోయిందని కొట్టాయనతో పోట్లాడితే, ఆయనే ఎక్కి చూపించాడు. బాగానే ఉంది.

కార్తీకంలో మనవరాలు రెండు రోజులుండటానికి వచ్చింది. పొద్దుగూకగానే దీపం పెట్టి నైవేద్యం పెట్టాను. ఇద్దరం భోంచేశాం. చెయ్యి కడుక్కుని దేవుడి గూట్లోంచి చలిమిడి ముద్ద తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోబోతున్నాను.

“అమ్మమ్మా, ఇది రోజూ తింటన్నావా?”

“తినడమేంటే? ప్రసాదం.”

“నాకెప్పుడూ చెప్పలేదే?”

“ఏం తిన్నావని అడిగావు, తిన్నవి చెప్పాను. ప్రసాదం తిండేంటే, కళ్ళు పోతాయి.”

అది నా చేతిలో ముద్ద వంక చూసింది. చిన్న ముద్దేం కాదు, నిమ్మకాయంత. దేవుడికి పిసినారితనంగా పెడితే ఏం బాగుంటుంది? ఒకరోజు చలిమిడి, ఒకరోజు కొబ్బరీ బెల్లమూ, శుక్రవారం నేతిలో ఓలలాడే పరమాన్నం. ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా ప్రసాదం పుచ్చుకుంటారు, ఉపవాసం చెడదు. మరి నా లెక్కెందుకు చెడుతుంది? ఇదీ నా తెలివి. ఇందులో దొంగతనం ఏమీ లేదు, ఒట్టు. నిజంగా అలాగే అనుకున్నాను.

పిల్ల నేలమీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి ఫోను తీసి లెక్కేసింది. ఆ తరవాత నవ్వలేదు.

“నువ్వు రోజూ రాత్రి రెండు భోజనాలు చేస్తన్నావు అమ్మమ్మా.”

నాలుగు నెలల్లో రెండు అప్పుడే పోయాయి. పట్టాల మీద వెళ్ళిపోతున్న ఆఖరి పెట్టె కనిపించింది నాకు. అయినా దేవుడి దగ్గర తగ్గించడానికి చెయ్యి రావడంలేదని చెప్పాను. అది వెంటనే మా చెల్లెలికి ఫోను కలిపి నా చేతికిచ్చింది. అంతా విని చెల్లెలు ఏమందో తెలుసా?

“అక్కా, రోజూ అంతంత చలిమిడి తిని నీ దేవుడికీ మోకాళ్ళు పట్టేసినయ్యేమో, ఓసారి కనుక్కో.”

సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. మర్నాటినుంచి సగం జామకాయే నైవేద్యం. దేవుడు ఏమీ అనలేదు.

మార్గశిరం వచ్చేసరికి రేపల్లెనుంచి చెల్లెలు తేగలు పంపడం మొదలుపెట్టింది. వాళ్ళ దొడ్లో తాటిటెంకలు పాతి మొలిపించే ఇసకపాతర ఉంది. తేగ తవ్వాక మిగిలిన తాటిటెంకను గొడ్డలితో కొడితే లోపల తెల్లటి బుర్రగుంజు ఉంటుంది. మెత్తగా, చల్లగా, ఉందో లేదో అన్నంత తీపి. అది ఒకటి గూట్లో పెట్టి, భోజనమయ్యాక గోటితో చిదిపి చిదిపి తినేదాన్ని. ఒకరోజు గుంజు, ఒకరోజు కాల్చిన తేగ. తేగ కూడా లెక్కలోకొస్తుంది, ఒక్కటే తినమంది మనవరాలు. ఒక్కటి చాలదూ? పొట్టు ఒలవాలి, పీచు లాగాలి, నిదానంగా నమలాలి. దవడ అలిసిపోయేదాకా నమిలాక తీపి సంగతే గుర్తుండదు.

ఇక చూడండి నా సంబరం. ఎనభై. డెబ్బై తొమ్మిది. శుక్రవారం రాత్రి నుంచే నాకు నిద్ర పట్టేది కాదు, రేపు ఎంత చూపిస్తుందోనని. కొట్టాయన నన్ను చూడగానే బల్లమీద చోటు చేసేవాడు, తాళాలు పెట్టుకోమని. ఒక వారం అరకేజీ పెరిగితే మూతి ముడుచుకుని వచ్చి, అద్దరూపాయంత ఖర్జూరం ముక్కను నాలుగు చేసుకుని తిన్నాను. పై వారం కేజీ దిగింది. నడుస్తుంటే చీర కుచ్చిళ్ళు జారుతున్నాయి. ఎన్నాళ్ళయిందో అలా జరిగి. పక్కింటావిడ నాకు జబ్బేమోనని అడిగింది. కాదండి, పట్టుదలండి అన్నాను.

నిన్న డాక్టరుగారి దగ్గరికి పోయాం. మిషనెక్కాను. అంకెలు ఆగవే. డెబ్బై అయిదు, అర, మళ్ళీ డెబ్బై నాలుగు మీద ఏదో. నేను ఊపిరి బిగబట్టాను. ఊపిరికి బరువుండదు పెద్దమ్మా, వదిలెయ్యమన్నారు డాక్టరుగారు. వదిలాను. డెబ్బై నాలుగున్నర దగ్గర ఆగింది. మనవరాలు నా చెయ్యి గిల్లింది. ఏం చేశారని ఆయన అడిగితే ప్రసాదం కథంతా చెప్పాను. ఆయన మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

“ముందు ఏ కాలు చెయ్యమంటారు?”

“కుడిదండి. రైలు మెట్టు మీద ముందు పెట్టేది అదేనండి.”

బుధవారం ఆపరేషను. జనం భయమా అని అడుగుతున్నారు. భయం కంటే తొందర ఎక్కువగా ఉంది నాకు. పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత తొందరపడలేదు. కుట్లు విప్పాక ఎన్నాళ్ళకు మెట్టెక్కనిస్తారో అడగడం మరిచిపోయాను, అది రేపు అడగాలి.

చాలు తల్లీ, చెయ్యి నొప్పెడుతుందేమో. ఇక మొదటినుంచీ ఒకసారి చదివి వినిపించు. నిదానంగా చదువు. ప్రసాదం దగ్గర అమ్మమ్మ పరువు పోతుందని నువ్వేమైనా తగ్గించి రాశావేమో, నాకు తెలియాలి.