నూనె సీసా లోపలికి వెళ్లిన రోజు

పలాస ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు గేటు దగ్గర నేను రిపోర్టు చేసేసరికి ఉదయం ఐదున్నర. ఉక్క. సముద్రం వైపు నుంచి గాలి లేదు. జీడిపిక్కలు కాల్చే పొగ మాత్రం ఉంది. కిట్: ఖాకీ చొక్కా, ఈల, లాఠీ, వార్డుతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు. ఉత్తర్వులు రెండే. సంచులు వెతకాలి. కొబ్బరి బొండాలు, నాటుమందు సీసాలు లోపలికి పోనివ్వకూడదు.

బొండం మీద కూడా నిషేధమా అని నవ్వకండి. ఉద్దానంలో జబ్బు మనిషిని చూడ్డానికి వట్టి చేతులతో వెళ్లం, బొండం పట్టుకెళ్తాం. కిడ్నీలు చెడ్డవాళ్లకు అదే ముప్పు. అందులోని పొటాషియం ఒంట్లోంచి బయటికి పోక గుండెను పట్టుకుంటుంది. మొదటి వారంలోనే వంద బొండాలు పట్టుకున్నానని ఊళ్లో చెప్పాను. నిజానికి నాలుగు. అందులో ఒకటి నేనే తాగాను.

ఇంకోటి కూడా ఒప్పేసుకుంటాను. మంచుకొండల మీద నేను మెషిన్‌గన్ మోశానని మా ఊరు అక్కుపల్లి అంతా నమ్ముతుంది. నేను మోసింది పప్పు గుండిగ. సైన్యంలో నాది వంటశాల. అందుకే నా నోరు ఎలా ఉన్నా ముక్కు మాత్రం అబద్ధమాడదు.

ఆ ముక్కే బావ ఫ్లాస్కును పట్టుకుంది. బావంటే మా అక్క మొగుడు, వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరి రైతు. వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకోవాలి.

"ఏటి బావా ఇది?"

"టీ."

"టీకి ఏపసెక్క వాసనేటి?"

"నీ ముక్కు తెగ! మందుల మావ ఇచ్చిన కసాయం. ఇది తాగి మిషన్ మానెత్తాను. మిషన్ మీద పిక్కలు పట్టేసి పేణం పోతంది. నీకేటి, గేటుకాడ కూకుని ఈల ఊదుతావు."

ఫ్లాస్కు లాక్కోగలిగాను. ఆలోచన లాక్కోలేకపోయాను. తర్వాతి వంతు రోజున సెట్టు పలికింది.

"గేట్, వార్డు. మూడో బెడ్ ఖాళీ. మీ బావ రాలేదు."

"వార్డు, గేట్. వెళ్లి చూస్తాను."

నర్సమ్మ గొంతు తగ్గించింది. "తొందరగా వెళ్లు తాతా. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే మన చేతుల్లో ఉండదు."

వానలో ఆటో ఎక్కాను. ఇంట్లో బావ గోడకు చేరగిలి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. మొహం ఉబ్బింది. వసారాలో చుట్టాలు తెచ్చిన బొండాల గెల. ఆజ్ఞాపించాను, బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు.

"మందుల మావ సెప్తే ఒత్తాను."

మావ ఆ ఊరివాడే. బెణుకులకు, నొప్పులకు ఆయన నూనె పేరు టెక్కలి దాకా పాకింది. కబురు పంపితే గొడుగు వేసుకుని, నూనె సీసా పట్టుకుని వచ్చాడు. బావ ఎగశ్వాస చూసి గొడుగు గుమ్మంలోనే పడేసి లోపలికొచ్చాడు.

"కసాయం తాగితే తగ్గుద్దన్నాను. తప్పు సెప్పినాను. లెగు అల్లుడా, నానూ ఒత్తన్నాను."

ఆసుపత్రిలో మావ నూనె సీసాను ఉత్తర్వు ప్రకారం గేటు దగ్గరే పెట్టించాను. డాక్టరమ్మ ముందు బావను మిషన్‌కు ఎక్కించింది. ఆ తర్వాతే మావను అడిగింది, కషాయంలో ఏమున్నాయని. మా వైపు మందు వేరు పేరు బయటపెడితే గుణం పోతుందంటారు. మావకు వాళ్ల నాన్న చెవిలో చెప్పాడు. మావ కన్నకొడుక్కి కూడా ఇంకా చెప్పలేదు.

"సెప్తే మందు పారదమ్మా."

"చెప్పకపోతే అతని ఒంట్లోకి ఏం వెళ్లిందో నాకు తెలియదు పెద్దాయనా."

మావ బెడ్ వైపు చూశాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె చెవి దగ్గరకు వంగాడు. ఆమె ఓపిగ్గా వింది.

"కషాయం ఆపేయాలి. ఇందులో ఒక వేరు కిడ్నీకి చెరుపు. మరి గేటు దగ్గర ఆపిన నూనెలో?"

మావ మళ్లీ వంగాడు.

"ఇది పైపూతకు ఫర్వాలేదు. పుండు ఉన్నచోట వద్దు. సూదులు గుచ్చే చెయ్యి ముట్టుకోవద్దు. నొప్పికి కాస్త ఊరటే, కిడ్నీకి మందు కాదు. ఆ మాట అందరికీ మీరే చెప్పాలి."

నేను గేటుకు తిరిగొచ్చానో లేదో, సెట్టు.

"గేట్, వార్డు. పిక్కలు పట్టేశాయి. మీ దగ్గర పెట్టిన నూనె సీసా తీసుకురండి."

"వార్డు, గేట్. సీసాలు నిషేధం. ఉత్తర్వు మళ్లీ చెప్పండి."

"తాతా! డాక్టరమ్మే చెప్పింది! పరిగెత్తు!"

పరిగెత్తానని ఊళ్లో చెప్పాను. నా మోకాళ్లకు నడకే గొప్ప. నర్సమ్మ మిషన్ సర్దింది, మావ పిక్కలకు నూనె రాశాడు. నొప్పి సడలాక బావ మావ వైపు తిరిగాడు.

"పేరు సెప్పినా గుణం పోనేదు మావా."

మోకాళ్లు మొరాయించి గేటు డ్యూటీ వదిలి అక్కుపల్లి వచ్చేశాను. బావ ఇప్పటికీ వంతు తప్పకుండా వెళ్తున్నాడు. వసారాలో బొండాలు లేవు. మావ దగ్గరకు ఎవరైనా కాళ్ల వాపుతో వస్తే మొదటి ప్రశ్న, "డాక్టరమ్మకి సూపించినావేటి?" బావను నేనే బతికించానని చెప్పుకుంటూ ఉంటాను. నేను చేసింది ఆటో పిలవడం, వార్డు తలుపు పట్టుకోవడం.

ఆ తలుపులోంచి చూసిందే కళ్లలో ఉండిపోయింది. ప్లాస్టిక్ ఏప్రాన్, జారిన మాస్కు, ఒళ్లో బావ కాలు పెట్టుకుని మందుల మావ. పక్కన ఎర్రటి గొట్టాలతో తిరిగే మిషన్. తల దగ్గర డాక్టరమ్మ. మధ్యలో నోరు తెరుచుకుని బావ గురక. అది గేటు దాకా వినిపించింది. ఈ ఒక్కటీ పెంచి చెప్పింది కాదు.